వాలుగ చేప దవడ, విదేశీ శాలువా: పొందూరు దారిలో ఒక రోజు

వ్యాపార వార్తలు రాసిన ఇరవై ఏళ్లలో, విలాస వస్తువులు అమ్మే ఒక బహుళజాతి గ్రూపు గురించి నేను చాలాసార్లు రాశాను. చేతిసంచులు, అత్తర్లు, గడియారాలు, వైన్లు, నగలు, కండువాలు అమ్మే ఎన్నో బ్రాండ్లు దాని కింద ఉన్నాయి. ఎప్పుడు రాసినా లాభమెంత, అప్పెంత, ఏ బ్రాండును ఎవరి దగ్గర కొన్నారు అన్నంత వరకే రాశాను. అది కొనే నూలు ఎక్కడ పుడుతుందో ఎన్నడూ చూడలేదు. ఆ గ్రూపు ముంబై కార్యాలయంలో ముడిసరుకు వ్యవహారాలు చూసే వసుధ, మొన్న మాఘమాసంలో పొందూరు దగ్గర ఒక ఊరికి వెళ్తున్నానని చెప్పింది. నేనూ వస్తానన్నాను. "రండి. గ్రూపు పేరు, బ్రాండు పేరు, ఊరి పేరు మాత్రం రాయకూడదు" అంది. ఒప్పుకున్నాను. అందుకని ఇక్కడ దారి, ఖర్చు, వేళలు మీకు పనికొచ్చేలా ఉంటాయి. ఆ మూడు పేర్లు ఉండవు.

విజయనగరంలో ముందురోజు రాత్రి బస చేసి, ఉదయం ఏడు దాటాక శ్రీకాకుళం వైపు వెళ్లే ప్యాసింజరు ఎక్కాం. టికెట్టు ముప్పై రూపాయల లోపే. పొందూరు స్టేషనులో ఎక్స్‌ప్రెస్‌లు చాలావరకు ఆగవు, కనుక ప్యాసింజరే నయం. గంటంపావు ప్రయాణం. నెల్లిమర్ల జూటు మిల్లు, గరివిడి పొగగొట్టాలు, చీపురుపల్లి, సిగడాం వరుసగా వస్తాయి. కోతలైపోయిన వరి మళ్లలో మినుము, పెసర పచ్చగా ఉన్నాయి. కిటికీ కావాలనుకుంటే ఎడమవైపు కూర్చోండి, దూరంగా కొండల వరస కనిపిస్తుంది. వసుధది విజయనగరమే. వాళ్ల తాతగారు ఆ ఊళ్లో రెండు తరాల పిల్లలకు వీణ నేర్పారు. ఉద్యోగం ముంబైలో, పై అధికారులు ఐరోపాలో. ఆ రోజు ఆమె కిటికీలోంచి పెద్దగా చూడలేదు.

గ్రూపు నిర్మాణం నాకు తెలిసిందే అయినా, లోపల పనిచేసే మనిషి చెబితే వేరుగా అర్థమైంది. పైన ఒక కంపెనీ ఉంటుంది. అది దేన్నీ తయారు చెయ్యదు, దేన్నీ అమ్మదు. కింది కంపెనీల వాటాలు దాని చేతిలో ఉంటాయి. దాని వాటాల్లో ఎక్కువ భాగం ఒక కుటుంబానివి. కింద తోలు వస్తువులు, దుస్తులు ఒక విభాగం. వైన్లు ఒకటి, అత్తర్లు ఒకటి, గడియారాలు నగలు ఇంకొకటి. ఒక్కో విభాగంలో బ్రాండ్లు. ప్రతి బ్రాండుకూ సొంత అధిపతి, సొంత డిజైనరు, సొంత పనివాళ్లు, సొంత లెక్కలు. ఒకే గ్రూపులోని రెండు బ్రాండ్లు ఒకే వీధిలో ఎదురెదురుగా దుకాణం పెట్టి పోటీ పడతాయి. అయితే ఆ వీధిలో అద్దె బేరం ఆడేది మాత్రం పైనున్న కంపెనీయే, ఇద్దరి తరఫునా ఒకేసారి. ప్రకటనలకు చోటు కొనడం, అప్పు తేవడం, వకీళ్లు, తనిఖీలు కూడా పైనే. వాళ్లు సరుకును వేరే వ్యాపారికి ఇచ్చి అమ్మించరు. దుకాణాలు వాళ్లవే, ధర వాళ్లదే, తగ్గింపు ఉండదు. "ఏ గుడ్డ కొనాలో బ్రాండు ఇష్టం. ఎలా తయారైన గుడ్డ కొనకూడదో చెప్పేది పై ఆఫీసు. నా తలనొప్పి ఆ రెండింటి మధ్యా ఉంది" అంది వసుధ.

ఆ తలనొప్పి ఇది. కిందటి కార్తీకంలో ఆమె, బెంగళూరు నుంచి వచ్చిన ఒక తనిఖీ అధికారి కలిసి ఈ ఊరికే వచ్చారు. పదకొండు మంది ఆడవాళ్లు ఒక బృందంగా సన్న నూలు వడికి పొందూరు నేతగాళ్లకు ఇస్తారు. బ్రాండుకు ఆ నూలుతో శాలువాలు కావాలి. పొందూరు నూలుకు పేరు తెచ్చింది ఒక అలవాటు. గింజ తియ్యకముందే పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ దవడలో పళ్లు సూదుల్లా, దగ్గరదగ్గరగా ఉంటాయి. వసుధ ఆ సంగతి చదివే వచ్చింది. అడిగితే, అదంతా పూర్వమని, ఇప్పుడు ఇనుప దువ్వెన వాడుతున్నామని చెప్పి దువ్వి చూపించారు. అధికారి అదే రాసుకున్నాడు. నమూనా శాలువా ఐరోపా వెళ్లింది, బ్రాండు డిజైనరుకు నచ్చింది. కానీ ప్రయోగశాలలో నూలును పరీక్షించినవాళ్లు, ఇనుప పళ్లు తగిలితే పోగులు తెగిన గుర్తులుంటాయని, ఇందులో లేవని రాశారు. అంటే తనిఖీలో చూసిన పని ఒకటి, వచ్చిన గుడ్డ ఇంకొకటి. పై ఆఫీసుకు కలిగిన అనుమానం ఒక్కటే: ఈ బృందం నూలు ఇంకెక్కడో కొని తమదని చెబుతోంది. ఆర్డరు ఆపేశారు. తేల్చుకురమ్మని వసుధను పంపారు.

"వాళ్లు మోసం చేశారని నువ్వు అనుకుంటున్నావా?" అని అడిగాను.

"అనుకోవడం లేదు. కానీ అనుకోకపోవడానికి నా దగ్గర ఆధారం లేదు" అంది.

పొందూరు స్టేషను బయట ఆటోలుంటాయి. ఊరికి వెళ్లి, అక్కడే ఉండి, సాయంత్రం బస్టాండులో దింపడానికి ఐదొందలకు మాట్లాడుకున్నాం. డ్రైవరు సూరి వసుధను గుర్తుపట్టాడు. పోయినసారీ ఆమెను తీసుకెళ్లింది అతనేనట. నన్ను మాత్రం అద్దంలో రెండు మూడుసార్లు చూశాడు.

"బాబుగోరేటి, గుడ్డ కొనడానికొచ్చినారా, సూసి ఎల్లిపోడానికొచ్చినారా?"

"చూసి రాయడానికి."

"అయితే కొనరన్నమాట. ఎంతమందో వచ్చినారు బాబూ. ఫొటోలు తీసినారు, రాట్నం తిప్పినారు, ఎల్లిపోనారు. ఒకాయనైతే రాట్నం ఇరగ్గొట్టేసి మరీ ఎల్లిపోనాడు." తరవాత అద్దంలో వసుధను చూసి అన్నాడు: "ఈయేల ఆటో సుబ్బరంగా నేదమ్మా. పోయినసారి మీకోసం కడిగి తెచ్చినాను. పొద్దున్న సేపల గంప ఏసుంటే దించీసి, పసుపునీల్లు జల్లీసినాను."

"నాకోసం ఎందుకు?"

"ఆ నూలొడికే అప్పలనర్సమ్మ ఫోన్లో సెప్పినాది. ఇజీనారం ఈణ పంతులుగోరి మనవరాలు వస్తన్నాది, కార్తీక సోంవారం, ఎక్కడా సేప వాసన రాకూడదు అనీసి. ఆ రోజు మా ఈదిలో ఎవులూ సేప వండనేదు. మాయావిడ నన్ను తిట్టిపోసినాది, అది యేరే సంగతి."

వసుధ సీటు అంచుకు జరిగింది. "ఊరంతానా?" అంది.

"ఈదంతా" అని సవరించాడు సూరి.

ఆమెకు చేప పట్టింపు ఉంటుందనే ఆ రోజు దవడలు దాచారని ఇద్దరికీ అర్థమైంది. కాని సూరి మాటను పై ఆఫీసుకు పంపలేం కదా.

బృందం పనిచేసేది పెంకుల కప్పున్న ఒక పొడుగాటి గదిలో. తలుపులు తూర్పుకు, కిటికీలు చిన్నవి. లోపల ఏడుగురు ఉన్నారు. ఒకరు చెక్కపలక మీద ఇనుప కడ్డీతో గింజ తీస్తున్నారు, ఇద్దరు వడకడానికి సిద్ధం చేసిన దూది ఏకుల్ని ఎండిన అరటి పట్టల్లో చుడుతున్నారు, మిగతావాళ్లు రాట్నాల దగ్గర. అప్పలనరసమ్మకు అరవై దాటి ఉంటాయి. ఆ బృందాన్ని కూడగట్టింది ఆమే. పక్కన రాట్నం తిప్పుతున్నది కోడలు రవణమ్మ. మమ్మల్ని కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, వసుధ నోరు తెరవకముందే అప్పలనరసమ్మ మొదలుపెట్టింది.

"నువ్వు ఫోన్ సేసినకాణ్నించీ నాకు నిద్రపట్టనేదు తల్లీ. అడుగు, ఏటడుగుతావో."

"ఆ శాలువా నూలు మీరే వడికారా?"

"మేవే. ఈ గదిలోనే."

"ఇనుప దువ్వెనతోనా?"

అప్పలనరసమ్మ కోడలి వైపు చూసింది. రవణమ్మ రాట్నం ఆపి లేచి, మూల ఉన్న వెదురు బుట్ట తెచ్చి వసుధ ముందు పెట్టింది. అందులో ఎనిమిదో పదో దవడలు, వాడి వాడి తేనెరంగుకు తిరిగినవి. ఒక్కోదాన్నీ చిన్న పుల్లకు కట్టి పిడిలా చేశారు.

"సూడమ్మా, ఇయ్యీ మా దువ్వెన్లు" అంది రవణమ్మ. "ఆ రోజు ఇయ్యి మా పుట్టింటోల అటకమీదున్నాయి. ఇనుప దువ్వెన సంతలో కొనుక్కొచ్చినాం. అంతకుముందు మా సేత్తో ఎప్పుడూ పట్టనేదు. నాకైతే తలదువ్వుకున్నట్టే ఉన్నాది."

"అబద్ధం సెప్పినాం తల్లీ, మోసం సెయ్యనేదు" అంది అప్పలనరసమ్మ. "మీ తాతగోరి దగ్గర మా ఆడపడుచు కొడుకు ఈణ నేర్సుకున్నాడు. ఆ ఇంటి గుంట, పంతులుగోరి మనవరాలు, కార్తీక సోంవారం ఉపోసం ఉండి మా గుమ్మంలోకొస్తే, సేప దవడ సేతికెలా ఇస్తాం సెప్పు. మీరెల్లిపోనాక మళ్లీ ఇయ్యే తీసి శాలువాకి దువ్వినాం. మంచి గుడ్డ పంపాలి కదేటి."

వసుధ బుట్టలోంచి ఒక దవడ తీసి అరచేతిలో పెట్టుకుంది. "నేను ఆ రోజు ఉపవాసం లేనండి. రైల్లో ఇడ్లీ తిన్నాను" అంది.

ముందు గింజ తీస్తున్న ముసలామె నవ్వింది. ఆ నవ్వు గది చివరిదాకా పాకింది. "సూసినావా అత్తా" అంది రవణమ్మ, "ఈదంతటినీ పస్తు పెట్టినావు. ఆవిడ మాత్రం సుబ్బరంగా తిన్నాది."

ఆ గంటలో వసుధ మొత్తం పనిని మొదటి నుంచి చివరిదాకా ఫోనులో చిత్రీకరించింది. పత్తి ముద్ద, దాన్ని పట్టుకున్న చెయ్యి, దవడ పళ్ల మధ్య నుంచి చెత్త రాలిపోయి పోగులన్నీ ఒకవైపు పడుకోవడం, ఏకు, నూలు. కొత్త నమూనా కట్టించుకుంది. ఒక అనుమానం తీరింది. మోసం జరగలేదు. రెండో చిక్కు అప్పుడే మొదలైంది. గ్రూపు నియమాల్లో అడవి జంతువుల, జలచరాల భాగాలు వాడే సరఫరాదారుల దగ్గర కొనకూడదని ఉంది. చేప దవడ ఆ కిందికి వస్తుందో రాదో బ్రాండు చెప్పలేదు, పై ఆఫీసే చెప్పాలి. అబద్ధం చెబితే అనుమానం, నిజం చెబితే నిషేధం.

వాళ్లకు పోయేదేమిటో రవణమ్మ చెప్పింది. నూలు పని ఏడాదంతా ఉండదు. ఈ శాలువాల ఆర్డరు వస్తే నెలనెలా పని దొరుకుతుంది. రాకపోతే ఆమెతో కలిపి అయిదుగురు చిన్నవాళ్లు పైడిభీమవరం వైపు మందుల ఫ్యాక్టరీకి పోవడానికి పేర్లిచ్చారు. ఫ్యాక్టరీ బస్సు ఊరి చివరికే వస్తుంది. "నానెల్తే ఈవిడ సేతిపని ఎవులికి నేర్పుతాది?" అంది, అత్తను చూపిస్తూ. అప్పలనరసమ్మ విననట్టు ఏకు చుట్టుకుంటూ ఉంది.

మధ్యాహ్నం భోజనం వాళ్లింట్లోనే. ఆవ పెట్టిన వంకాయ కూర, గుమ్మడికాయ దప్పళం, మజ్జిగ. తింటూ అప్పలనరసమ్మ అడిగింది, తమ నూలు కొనేది ఎవరని. వసుధ గ్రూపు సంగతి పొద్దున నాకు చెప్పినట్టే చెప్పింది, ఇంకా తేలిక మాటల్లో.

"అంటే కోడళ్లందరికీ యేరే పొయ్యిలు, గాదె తాళం అత్త కాడ" అంది అప్పలనరసమ్మ.

"అంతే."

"మనింట్లో తాళాలెక్కడున్నాయో అదీ సెప్పత్తా" అంది రవణమ్మ వడ్డిస్తూ.

"నోర్మూసుకుని మజ్జిగెయ్యి. మరి ఆ అత్తతో మాటాడు తల్లీ, కోడలితో కాదు."

రెండు దాటాక, ఐరోపాలో తెల్లవారి ఆఫీసులు తెరిచే వేళకు, వసుధ ఫోను చేసింది. ముందు బ్రాండులో బట్టల ఎంపిక చూసే అధికారికి. అతను నూలు కావాలన్నాడు, దవడ సంగతి తేల్చడం తన చేతిలో లేదన్నాడు. అతనే పై ఆఫీసులో సరఫరా నియమాల విభాగాన్ని కలిపాడు. అక్కడ మాట్లాడినామె ఎవరి మీదా గొంతు పెంచలేదు, అడగవలసిందేదీ వదలలేదు. చేప పేరేమిటి, దవడ ఎక్కడిది, దవడ కోసమే చేపను చంపుతారా. వసుధ ప్రతి ప్రశ్ననూ తెలుగులో అడిగి జవాబును ఇంగ్లీషులో చెప్పింది. గోదావరి వైపు చేపల వ్యాపారుల దగ్గర నుంచి తెప్పించుకుంటామని అప్పలనరసమ్మ చెప్పింది. "కూర తిన్నోడికి కూర. పారేసే దవడ మాకు. ఒక్కోటి మాకు ఏళ్ల తరబడి వస్తాది. దవడ కోసం సేపని పట్టినోడెవుడూ నేడు."

అప్పుడు వసుధ ఒక పని చేసింది. గ్రూపు తోలు విభాగానికి ఒక మినహాయింపు ఉంది. మాంసం కోసం పెంచిన పశువు తోలును, అది ఎక్కడిదో చెప్పగలిగితే, కొనవచ్చు. ఆ తోలుతో చేసే చేతిసంచులే గ్రూపుకు అన్నిటికన్నా ఎక్కువ రాబడి తెస్తాయి. తోలుకు రాసిన వాక్యం చేపకు ఎందుకు వర్తించదని అడిగింది. అటువైపు కాసేపు కీబోర్డు చప్పుడు. తరవాత ఇంకో ప్రశ్న వచ్చింది: ఒకవేళ అనుమతి రాకపోతే, బృందం ఇనుప దువ్వెనకు మారుతుందా?

వసుధ ఆ ప్రశ్నను ఉన్నదున్నట్టు అడిగింది. అయిదుగురు చిన్నవాళ్లూ పని ఆపి చూస్తున్నారు. అప్పలనరసమ్మ కోడలి ముఖంలోకి చూసింది. "నువ్వు సెప్పు. బస్సెక్కేది నువ్వు" అంది.

రవణమ్మ చేతిలోని నూలును కదురుకు చుట్టి, రాట్నం పక్కకు జరిపింది. "మారవమ్మా" అంది. "ఇనుపదానితో దువ్వితే ఇంత సన్నం దిగదు, దిగినా తెగుతాది. ఆ గుడ్డకి మా పేరెట్టి అమ్మితే అది రెండో అబద్ధం. ఆలకి ఇనుప నూలే కావాలంటే మిల్లులు సాలా ఉన్నాయి, కొనుక్కోమను. మేం ఎలాగో బతుకుతాం."

వసుధ ఆ మాటల్లో ఒక్కటీ తగ్గించకుండా చెప్పింది, చివరి వాక్యంతో సహా. అటునుంచి "ధన్యవాదాలు, రాసుకున్నాను" అని వచ్చింది. అంతే. జవాబు ఆ రోజు రాదని మాకు తెలుసు. అంత పెద్ద సంస్థలో వద్దు అనే మాట త్వరగా వస్తుంది, సరే అనడానికి నాలుగు సంతకాలు కావాలి.

సూరి మమ్మల్ని పొందూరులో దించాడు. అక్కణ్నుంచి శ్రీకాకుళం బస్సు గంటలోపే. సాయంత్రం నాగావళి వంతెన దాటుతుంటే వసుధ మొదటిసారి కిటికీలోంచి బయటికి చూసింది. రాత్రి రైళ్లకు ఆమదాలవలస స్టేషనుకు ఆటోలు, బస్సులు దొరుకుతాయి. నేను మరునాడు వెనక్కి వచ్చాను.

జవాబు రెండు వారాలకు వచ్చింది. అనుమతించారు, మూడు షరతులతో. తనిఖీ మళ్లీ జరగాలి. దవడలు కొన్న ప్రతిసారీ ఎవరి దగ్గర కొన్నారో చెప్పాలి. శాలువా గురించి దుకాణాల సిబ్బందికి నేర్పే వివరణలో చేప దవడ సంగతి దాచకుండా, మొదటి వాక్యాల్లోనే ఉండాలి. ఆర్డరు అనుకున్నదానికన్నా చిన్నది. అయినా ఏడాది పొడవునా విడతలుగా వస్తుంది. పేర్లిచ్చిన అయిదుగురిలో ఇద్దరు అప్పటికే ఫ్యాక్టరీకి వెళ్లిపోయారు. మిగతా ముగ్గురూ ఉన్నారు. నేను ఫోను చేస్తే రవణమ్మ ఎత్తింది. మాట్లాడటానికి తీరిక లేదంది. కొత్తగా వచ్చిన ఇద్దరికి దువ్వడం నేర్పుతోందట. "అత్త నేర్పటం నేదా?" అని అడిగాను, ఆమె యాసలోకి జారుతూ. "ఆవిడ తిట్టడం సూస్తన్నాది, నాను నేర్పడం సూస్తన్నాను" అని ఫోను పెట్టేసింది.

ఇన్నేళ్లు రాసిన వార్తల్లో ఆ గ్రూపు నాకు ఎప్పుడూ కొనేదిగా, నియమాలు పెట్టేదిగా కనిపించింది. అది నిజమే, ఇకముందూ అంతే. ఒక శాలువా ధరలో ఈ గదికి చేరేది ఎంత తక్కువో కూడా నాకు తెలుసు, దాన్ని గొప్పగా చెప్పను. కానీ ఆ మధ్యాహ్నం పొందూరు పక్క పల్లెలో ఏడుగురు ఆడవాళ్లు, తమ పనిని మార్చుకోమన్న ప్రశ్నకు కాదని చెప్పారు. అంత పెద్ద సంస్థ తన నియమాన్ని తీసి మళ్లీ చదువుకుంది. ఇప్పుడు నేనెన్నడూ చూడని నగరాల్లో, గాజు తలుపుల వెనక, చక్కటి దుస్తులు వేసుకున్న అమ్మకందార్లు వాలుగ అనే మాటను సరిగ్గా పలకడం నేర్చుకుంటున్నారు. నేను ఈ ప్రాంతం వాణ్ని. ఆ సంగతి విని నాకు గర్వంగా ఉంది, రాయడానికి మొహమాటం లేదు.

పొందూరు వైపు నూలు వడికే చోట్లకు వెళ్లేవారికి ఒకటి రెండు సూచనలు. ఉదయం పది లోపే చేరుకోండి. ఎండెక్కాక గాలి లేస్తే పత్తి ఎగిరిపోతుందని తలుపులు మూసేస్తారు. లోపల ఫ్యాను ఉన్నా వెయ్యరు. వెయ్యమని అడగకండి. పల్చటి నూలు బట్టలు వేసుకుని, మంచినీళ్లు వెంట తీసుకెళ్లండి.